ముగింపు పిల్లలకి వదిలేసే మాస్టారు

గురువారం పొద్దున ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా సుజాత దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "నాన్నగారు తెల్లవారుజామున పోయారు. నిద్రలోనే. శనివారం క్లాస్ మాత్రం ఆపకండి." అంతే ఉంది అందులో. కెమెరా ఆఫ్ చేసి కాసేపు ఏడ్చాను. తర్వాత ఆన్ చేసి, నా వంతు వచ్చినప్పుడు నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేయబోతున్నానో చెప్పాను. ఇది మాస్టారు చదివితే "కెమెరా ఆఫ్ చేసిన సంగతి ఉంచు, ఏడ్చిన సంగతి కోసెయ్" అనేవారు. క్షమించాలి, ఈ ఒక్కసారికి కోయను.

మాస్టారు సుజాత వాళ్ల నాన్నగారు. సుజాత మా పక్క టౌన్‌హౌస్‌లో ఉంటుంది. ఆయన తణుకు దగ్గర ఒక కాలేజీలో తెలుగు లెక్చరరుగా రిటైరై, భార్య పోయాక కూతురి దగ్గరికి అమెరికాలో మా ఊరు ఆష్‌బర్న్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. వచ్చిన కొత్తలో రోజూ ఇన్‌షర్ట్ చేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, డేటా సెంటర్ల వెంబడి వాకింగ్ చేసేవారు. రోడ్డు దాటేటప్పుడు ఆగిన ప్రతి కారుకీ చెయ్యెత్తి నమస్కారం పెట్టేవారు. పాపం ఆ డ్రైవర్లు ఏం చేయాలో తెలియక వాళ్లూ చెయ్యి ఊపేవారు. ఒకసారి మా అమ్మాయి నిత్యని అడిగారు, "ఈ కిటికీల్లేని గోడౌన్లలో ఏం పోశారే?" అని. "అందరి ఫోటోలూ ఉంటాయి తాతా" అంది. ఆయన ఆ గోడకేసి ఎగాదిగా చూసి, "అయితే చాలా పొదుపుగా కట్టారు" అన్నారు.

మా టౌన్‌హౌస్‌ల క్లబ్‌హౌస్‌లో శనివారాలు మేం నలుగురైదుగురు తల్లిదండ్రులం కలిసి పిల్లలకి తెలుగు క్లాస్ నడుపుతున్నాం. అక్షరాలు, గుణింతాలు, రంగుల పేర్లు. పిల్లలు ఆవలిస్తూ వచ్చేవాళ్లు, ఆవలిస్తూ వెళ్లేవాళ్లు. నిజం చెప్పాలంటే మేమూ అంతే. ఒక శనివారం మాస్టారు ఊరికే చూడటానికి వచ్చి వెనక కూర్చున్నారు. ఆ రోజు నేను బోర్డు మీద కథ అని రాసి స్టోరీ అని చెబుతున్నాను. ఒక పిల్లాడు లేచి "షార్ట్ స్టోరీని ఏమంటారు ఆంటీ?" అన్నాడు. చిన్న కథ అన్నాను. వెనకనుంచి దగ్గు వినిపించింది. తెలుగు లెక్చరర్ల దగ్గులో ఉండే అర్థం తెలుగు మీడియంలో చదివినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. "చిన్న కథ తప్పేం కాదమ్మా. కానీ దానికో పేరుంది, కథానిక అని" అన్నారు ఆయన. నేను చాక్‌పీసు ఆయన చేతికిచ్చి పక్కకి జరిగాను. మళ్లీ ఆ చాక్‌పీసు నా చేతికి రాలేదు.

నాకు ఆ మాట బడిలో విన్నట్టే గుర్తుంది. పరీక్షలో మార్కుల కోసం అర్థం రాసి మర్చిపోయిన మాటల్లో అదొకటి. కరీంనగర్ నుంచి వచ్చిన రవీందర్‌గారు, ఆయన కొడుకు కూడా మా క్లాస్‌లోనే, ఆ రోజే అడిగేశారు.

"సార్, మేం బడిల కథ అనే చదివినం. ఈ కథానిక ఏడికెల్లొచ్చింది?"

"పాతింట్లోంచే వచ్చిందండీ" అన్నారు మాస్టారు. "వెయ్యేళ్ల కిందటి సంస్కృతం పుస్తకమొకటి, వచనంలో రాసేవాటిని ఐదు రకాలు చేసింది. ఆఖ్యాయిక, కథ, ఖండకథ, పరికథ, కథానిక. అయిదుగురు అక్కచెల్లెళ్లనుకోండి. ఆఖరిది కథానిక. ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంగ్లీషు చదువులొచ్చి, షార్ట్ స్టోరీ అనేది మన గుమ్మంలో నిలబడ్డాక, దీనికేం పేరు పెడదామా అని పెద్దవాళ్లు వెతికితే, ఈ చిన్న పిల్ల కనబడింది."

"అంటే అప్పటి కథానిక, ఇప్పటి షార్ట్ స్టోరీ ఒక్కటేనా?"

"కాదు కాదు. ఇల్లు కొత్తదే. ద్వారబంధం మాత్రం పాత ఇంటిది తెచ్చి పెట్టాం. కొందరికి అదీ నచ్చలేదు. కథ అంటే సరిపోదా, తోక ఎందుకూ అన్నారు. వాళ్లూ తప్పు కాదు. నాకు మాత్రం ఆ ద్వారబంధం ఇష్టం."

ఎందుకిష్టమో తర్వాతి వారాల్లో తెలిసింది. ఆ పాత పుస్తకం కథానిక ఎలా ఉండాలో కూడా చెప్పిందట. మొదట భయం ఉండాలి. వినడానికి హాయిగా ఉండాలి. కడుపులో కరుణ ఉండాలి. చివర అద్భుతం ఉండాలి. అర్థం చక్కగా కుదరాలి. అన్నిటికన్నా ముఖ్యం, అది ఉదాత్తం కాకూడదు. ఈ ఆఖరి మాటకి పండితులు రకరకాల అర్థాలు చెబుతారని ఆయనే ఒప్పుకునేవారు. ఆయనకి నచ్చిన అర్థం ఒకటే, గొప్పలు పోకూడదు. "గొప్పలు పోవడానికి మిగతా నలుగురు అక్కలున్నారు. రాజులు, యుద్ధాలు, వర్ణనలు అన్నీ వాళ్లకిచ్చెయ్యండి. చిన్నదానికి ఒక మనిషి, ఒక బెంగ చాలు" అనేవారు.

భయం అంటే పిల్లలకి దెయ్యాలు గుర్తొచ్చాయి. ఆయన తల అడ్డంగా ఊపారు. "మీ అమ్మ పికప్ చేసుకోవడానికి రాలేదనుకో. అందరూ వెళ్లిపోయారు. టీచరు లైట్లు ఆపుతోంది. అదీ భయం. దెయ్యం అక్కర్లేదు." నిత్య వెంటనే నా వైపు చూసింది. నేను ఒకసారి నిజంగానే ఆలస్యంగా వెళ్లాను, ట్రాఫిక్ వల్ల. అది ఇప్పటికీ మర్చిపోలేదు ఆ పిల్ల.

మరి అద్భుతం అంటే ఏమిటి, మ్యాజిక్కా అని ఎవరో అడిగారు. "కాదు. ఆఁ! అనిపించాలి. అనిపించాక, అవును కదా, ఇలాగే అవుతుంది కదా అని కూడా అనిపించాలి. ఆ రెండోది లేకపోతే గారడీ" అన్నారు. కరుణ గురించి అడిగితే మాత్రం కాస్త ఆలోచించేవారు. "ఏడిపించడం తేలిక. ఊరుకోబెట్టడం కష్టం" అని ఒకసారి చెప్పారు. అది నేను ఫ్రిజ్ మీద రాసి పెట్టుకుందామనుకున్నాను. గొప్పలు పోతున్నావంటారని ఊరుకున్నాను.

ఆయన క్లాస్ నడిపే తీరు ఇది. ప్రతి శనివారం ఒక కథానిక చెబుతారు, అన్నీ ఆయన సొంతవే. భయం వస్తుంది, కరుణ వస్తుంది, సరిగ్గా అద్భుతం రావాల్సిన చోట ఆపేస్తారు. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, "తర్వాత ఏమైంది?" అంటారు. ఎవరూ జవాబు చెప్పకూడదు. ముగింపు ఇంటికి తీసుకెళ్లాలి. వారమంతా ఆలోచించి వచ్చే శనివారం తలా ఒకటి తేవాలి. అన్నీ విన్నాక చివర ఆయన తన ముగింపు చెప్పేవారు. అది వినాలని పిల్లలు జ్వరం దాచుకుని మరీ వచ్చేవాళ్లు. ఒక వారం మా ఇంట్లో దోసెలు వేస్తుంటే నిత్యా, వాళ్ల నాన్నా ఒక దొంగ బావిలోంచి ఎలా బయటికొస్తాడని పోట్లాడుకున్నారు. తెలుగులో పోట్లాడుకున్నారు. దోసె మాడిపోయినా నేనేమీ అనలేదు.

పిల్లల ముగింపులకి ఆయన మార్కులు వేసేవారు కాదు. "గొప్పలు పోయింది, కోసెయ్" అనేవారు, లేకపోతే "కుదిరింది" అనేవారు. కుదిరింది అనిపించుకున్న పిల్లలు ఆ రోజు నేల మీద నడిచేవాళ్లు కాదు.

కిందటి ఏడాది చలికాలం మొదలయ్యాక ఆయన తన ముగింపు చెప్పడం మానేశారు. పిల్లలు అడిగితే నవ్వి, "మీరు చెప్పిందే బాగుంది. ఇంక నాదెందుకు?" అనేవారు. మేం పెద్దవాళ్లం దీన్ని తెగ మెచ్చుకున్నాం. "సార్‌ది ఎంత పెద్ద మనసు. పిల్లలకే ఇడిసిపెట్టిండు" అన్నారు రవీందర్‌గారు. నేనూ తలూపాను. పిల్లలకి నమ్మకం పెంచే పద్ధతి అనుకుని, వాట్సాప్ గ్రూప్‌లో మెచ్చుకుంటూ మెసేజ్ కూడా పెట్టాను. ముగింపుకి ముందు ఆపడం ఆయన అలవాటు కాబట్టి, ముగింపు దొరక్క ఆగిపోయిన రోజు కూడా మాకు అలాగే కనిపించింది. నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి జీతం తీసుకునే మనిషిని. మాస్టారి విషయంలో మాత్రం ఏమీ పట్టలేకపోయాను.

పట్టింది పిల్లలే. ఒక శనివారం ఆయన కొత్త కథ చెప్పారు. సాయంత్రం, వాన. ఒకావిడ బస్సు స్టాపులో బడ్డీకొట్టు చూరు కింద నిలబడింది. వాళ్లాయన వచ్చే బస్సు కోసం. బస్సొచ్చింది. ఒక్కొక్కరే దిగుతున్నారు. అందరూ దిగారు, ఆయన దిగలేదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. అప్పుడు కండక్టరు ఒక గొడుగు పట్టుకుని దిగాడు. ఆ గొడుగు పిడికి ఎర్ర దారం కట్టి ఉంది. ఆవిడ కట్టిన దారమే. "తర్వాత ఏమైంది?" అన్నారు మాస్టారు.

తర్వాతి శనివారం పిల్లలు తలా ఒక ముగింపు తెచ్చి చెప్పారు. మాస్టారు అన్నీ విని, మీరు చెప్పిందే బాగుందన్నారు. ఆ తర్వాత, "ఇవాళ కొత్త కథ చెబుతా వినండి" అంటూ మొదలుపెట్టారు. సాయంత్రం, వాన. ఒకావిడ బస్సు స్టాపులో.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. కారెక్కాక నిత్య సీట్ బెల్ట్ పెట్టుకుంటూ, "అమ్మా, తాతకి ఎండింగ్ గుర్తు లేదు, రైట్?" అంది. కాదు, అది ఆయన పద్ధతి అన్నాను. "నో అమ్మా. తాత భయంగా ఉన్నాడు" అంది.

మర్నాడు పార్కింగ్‌లో కనపడితే సుజాతని అడిగాను. తనకి తెలుసు. డాక్టర్‌కి చూపించి అప్పటికే కొన్ని నెలలైందట. మతిమరుపు జబ్బేనట, ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదట.

"క్లాస్ ఆపేద్దామండీ" అంది సుజాత. "పిల్లల ముందు మాట దొరక్క నిలబడిపోతే నేను చూళ్లేను. జీవితమంతా పాఠం చెప్పిన మనిషి."

"ఆపేస్తే ఆయనకేం మిగుల్తుంది సుజాతా?"

"పరువు మిగుల్తుంది" అంది. క్లబ్‌హౌస్‌లో రిపేర్లు, అందుకే క్లాస్ లేదని ఆయనకి చెప్పాం. ఆ శనివారం ఆయన ఇన్‌షర్ట్ చేసుకుని, బూట్లు వేసుకుని, సోఫాలో కూర్చుని మధ్యాహ్నం దాకా కిటికీలోంచి చూశారని సుజాత తర్వాత చెప్పింది. ఆ పై శనివారం తను స్నానానికి వెళ్లి వచ్చేసరికి సోఫా ఖాళీగా ఉంది. నాకు ఫోన్ చేసింది. ఇద్దరం రెండు కార్లలో బయల్దేరాం. సుజాత డేటా సెంటర్ల రోడ్డంతా తిరిగింది. నాకు మాత్రం ఆయన క్లబ్‌హౌస్ ముందు బెంచీ మీదే కనిపించారు. మంకీ క్యాప్ పెట్టుకున్నారు, కోటు వేసుకోలేదు.

"తలుపు తీయలేదేంటమ్మా? పిల్లలొస్తే చలిలో నిలబడతారు" అన్నారు నన్ను చూసి. ఇంటి దారి మర్చిపోతున్న మనిషి, శనివారాన్ని మర్చిపోలేదు. సుజాత వచ్చి, తన కోటు తీసి ఆయనకి కప్పి, పక్కన కూర్చుంది. తర్వాత నాతో, "తాళంచెవులు పట్రండి. పిల్లలందరికీ మెసేజ్ పెట్టండి" అంది.

క్లాస్ మళ్లీ మొదలైంది. ఒక్కటే మారింది, అది కూడా మేం మార్చింది కాదు. నిత్య మిగతా పిల్లలతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. నాతో మాత్రం, "వారం అంతా వెయిట్ చేస్తే తాతకి భయం కదా. మనం అప్పుడే చెప్పేస్తే అయిపోతుంది" అంది. అప్పట్నుంచి ముగింపులు ఇంటికి రావడం మానేశాయి. మాస్టారు "తర్వాత ఏమైంది?" అనగానే ఎవరో ఒకరు చెయ్యెత్తి అక్కడికక్కడే చెప్పేసేవాళ్లు. మాస్టారి నియమం ఆయన ముందే తప్పుతున్నా ఆయన ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.

ఆయన వచ్చిన చివరి క్లాస్ మార్చిలో. బయట నిజంగానే వాన. సుజాత ఆఫీస్ కాల్‌లో ఉండి కార్‌లోనే ఆగిపోయింది. మాస్టారు ఆ బస్సు కథే ఎత్తుకున్నారు. గొంతు సన్నబడింది గానీ కథ ఎక్కడా తడబడలేదు. చూరు, వాన, దిగుతున్న మనుషులు, ఆగిన ఇంజను, ఎర్ర దారం కట్టిన గొడుగు. అక్కడ ఆగారు. కుర్చీలో వెనక్కి వాలలేదు, చేతులు కట్టుకోలేదు. ముందుకి వంగి, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నారు.

"తర్వాత ఏమైంది?" అన్నారు. ఇన్నేళ్లూ జవాబు తెలిసి అడిగిన మనిషి, తెలియక అడిగారు. గదిలో అందరికీ అది తెలిసింది.

నిత్య లేచి ఆయన దగ్గరికి వెళ్లింది. "ఏం కాలేదు తాతా. ఆయన లాస్ట్ సీట్‌లో నిద్రపోయాడు. కండక్టర్ అంకుల్‌కి తెలుసు, ఆయన రోజూ గొడుగు మర్చిపోతాడు. అందుకే గొడుగు ముందు తెచ్చాడు. తర్వాత ఆయన లేచాడు. బస్సు దిగాడు. ఆమె వెయిట్ చేస్తోంది కదా, ఇద్దరూ ఒకే గొడుగులో ఇంటికెళ్లారు."

మాస్టారు నోరు కొంచెం తెరిచి విన్నారు. మొహంలో ఒక్కొక్క ముడతా వదులైంది. "దిగాడా?" అన్నారు.

"దిగాడు తాతా."

"హమ్మయ్య. వచ్చాడన్నమాట" అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఎప్పటి గొంతుతో, "కుదిరింది" అన్నారు.

కాల్ ముగించుకుని వచ్చిన సుజాతకి ఇదంతా చెప్పాను. తను కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "రోజూ సాయంత్రం అడుగుతున్నారండీ, బస్సొచ్చిందా, బస్సొచ్చిందా అని. ఏ బస్సు నాన్నా అంటే కంగారు పడిపోతారు. నాకేం చెప్పాలో తెలిసేది కాదు" అంది. తర్వాత నెమ్మదిగా, "ఆ స్టాపులో నిలబడేది మా అమ్మ. నాన్నగారు కాలేజీ నుంచి ఆ బస్సులోనే వచ్చేవారు. స్టాఫ్ రూములో మారిపోకుండా గొడుగుకి ఎర్ర దారం అమ్మే కట్టేది" అంది. ఆ వానలోనే నిత్యని పిలిచి, ముగింపు మళ్లీ చెప్పించుకుంది. ఒక్క మాట పోకుండా.

మొన్న శనివారం క్లాస్ జరిగింది. మాస్టారి కుర్చీ ఎక్కడుండేదో అక్కడే ఉంచాం. పిల్లలందరూ వచ్చారు, రవీందర్‌గారు తలుపు దగ్గరే నిలబడ్డారు, లోపలికి రాలేకపోయారు. సుజాత వచ్చి పిల్లల మధ్య నేల మీద కూర్చుంది. ఆ మార్చి నుంచి ప్రతి సాయంత్రం ఆయన బస్సు గురించి అడగడం, తను నిత్య ఇచ్చిన ముగింపే చెప్పడం, ఆయన హమ్మయ్య అనడం, ఇదంతా వాళ్లకి చెప్పింది. పోయేముందు సాయంత్రం కూడా అడిగారట. చెప్పిందట. హమ్మయ్య, వచ్చాడన్నమాట అని పక్కకి తిరిగి పడుకున్నారట.

"అంటే నా ఎండింగ్ తాతకి రోజూ కొత్తదా?" అంది నిత్య.

"రోజూ కొత్తదేనమ్మా" అంది సుజాత.

మొదట భయం, కడుపులో కరుణ, చివర అద్భుతం. ఇన్నాళ్లూ అవి వినేవాళ్లకి కలగాలని పెట్టిన షరతులనుకున్నాను. చెప్పేవాడికి కూడా కావాలని నాకు తట్టలేదు. ఇది గొప్పలు పోయినట్టుంటే మాస్టారు కోసేస్తారు, కోసెయ్యనీండి.

ఇక్కడ ఈ వారమంతా వానే. ఆఫీస్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వస్తుంటే ఆ స్టాపే కళ్లముందు కనిపిస్తోంది. చూరు కింద ఒకావిడ నిలబడి ఉంటుంది. బస్సు ఆగుతుంది, అందరూ దిగిపోతారు. ఎర్ర దారం కట్టిన గొడుగుతో కండక్టరు ముందు దిగుతాడు. వెనకాలే, కళ్లు నులుముకుంటూ, మాస్టారు దిగుతారు.